పదకొండేళ్ల స్పోర్ట్స్ కారుతో కర్నూలు నుంచి కన్యాకుమారికి: బయలుదేరే ముందు చేయాల్సిన పని

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్పుకుందాం. 2014 నాటి బీఎండబ్ల్యూ జెడ్4, ఎస్‌డ్రైవ్ 35ఐ, టాపు మడిచే రెండు సీట్ల కారు. బెంగళూరులో ఒకే యజమాని దగ్గర ఉన్న బండి, మీటరు మీద 41,000 కి.మీ. కొని కర్నూలు తెచ్చి వారమైంది. నవంబరు నెలాఖరులో భార్యతో కలిసి 44వ జాతీయ రహదారి మీద అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా కన్యాకుమారి వెళ్ళి రావాలని మీ కోరిక. చేతిలో పది రోజులున్నాయి. ఈలోగా కొత్త అల్లాయ్ చక్రాలు, గట్టిగా మోగే సైలెన్సరు, ఇంజిన్ శక్తి పెంచే ట్యూనింగ్ చేయించి, ఇంజిన్ ఆయిల్ మార్చుకుని బయలుదేరవచ్చా అని అడిగారు.

తప్పకుండా వెళ్ళండి. కానీ పది రోజుల్లో వద్దు, సంక్రాంతి దాటాక వెళ్ళండి. చక్రాలకు, సైలెన్సరుకు, ట్యూనింగ్‌కు పక్కన పెట్టిన డబ్బు మొత్తం రబ్బరు భాగాలు, ఆయిళ్లు, టైర్ల మీద పెట్టండి. బెంగళూరులో జర్మన్ కార్ల మరమ్మతు చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు అనంతపురంలో అదే పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను: సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు దారిలో ఆగిపోయిందంటే, చాలాసార్లు దానికి కారణం ప్రయాణానికి ముందు వారంలో ఎవరూ చూడని ఒక చిన్న గొట్టమో, లేదంటే అదే వారంలో హడావుడిగా బిగించిన కొత్త సామానో అయి ఉంటుంది. వాయిదా వేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తమిళనాడుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడతాయి. కొత్తగా చేతికొచ్చిన, శక్తి అంతా వెనక చక్రాలకే ఇచ్చే 306 హార్స్‌పవర్ బండిని పరిచయం లేని తడి రోడ్డు మీద మొదటిసారి నడపడం మంచిది కాదు. జనవరి మూడో వారానికి రోడ్డు ఆరుతుంది, పండగ రద్దీ తగ్గుతుంది, మీకు బండి అలవాటవుతుంది.

తక్కువ తిరిగిన బండి అని మీరు రెండుసార్లు రాశారు. దాన్ని భరోసాగా తీసుకోవద్దు. పదకొండేళ్లలో 41,000 అంటే ఏడాదికి నాలుగు వేల లోపే. అంటే ఆ కారు ఎక్కువ కాలం అపార్టుమెంటు కింద ముసుగులో నిలబడే ఉంది. నిలబడ్డ బండిలో లోహపు భాగాలు అరగవు. రబ్బరుకు, ప్లాస్టిక్కుకు, ఆయిళ్లకు మాత్రం బండి తిరిగినా తిరగకపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది. పైగా ఊళ్లో నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరైపోకుండా ఆయిల్లోనే ఉండిపోతుంది. ఇంతకాలం బెంగళూరు చల్లదనంలో ఉన్న ఈ బండి ఇప్పుడు కర్నూలు ఎండకు వచ్చింది. కాబట్టి మీటరును పక్కన పెట్టి, తయారైన సంవత్సరాన్ని చూసి సర్వీసు లెక్క వేయాలి.

అన్నిటికంటే ముందు చల్లదనం సంగతి చూడాలి. మీ కారులో ఉన్నది ఎన్54 అనే మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల, రెండు టర్బోల ఇంజిన్. చాలా మంచి ఇంజిన్. దీనిలో వాటర్ పంపు మామూలు కార్లలోలాగా బెల్టుతో తిరగదు, కరెంటుతో తిరుగుతుంది. ఈ పంపు అరిగే సామానే. చాలా బండ్లలో లక్ష కిలోమీటర్ల లోపే పోతుంది. పోయేటప్పుడు మోత రాదు, ముందుగా కారడమూ ఉండదు. నిన్నటిదాకా బాగానే ఉన్న పంపు ఇవాళ తిరగడం మానేస్తుంది. తెర మీద వేడి గుర్తు పసుపు రంగులో, ఆ వెంటనే ఎరుపులో వస్తుంది, ఇంజిన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. డోన్ దాటి ప్యాపిలి దగ్గర అలా జరిగితే మిగిలేది బండిని లారీ మీద ఎక్కించుకోవడమే, ఎందుకంటే ఈ కంపెనీ సర్వీసు సెంటర్లు ఒకవైపు హైదరాబాద్‌లో, మరోవైపు బెంగళూరులో ఉన్నాయి.

పాత యజమాని బిల్లుల్లో పంపు మార్చినట్టు కనిపించకపోతే, అది ఎంత చక్కగా తిరుగుతున్నా మార్చేయండి. పంపుతోపాటు, వేడిని బట్టి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌ను కూడా మార్చాలి. రెండూ ఇంజిన్ కింది భాగంలో పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని కోసం విప్పితే రెండోది చేతికందుతుంది. వాటిని కలిపే గొట్టాలు, ప్లాస్టిక్ మూతులు వేలితో నొక్కి చూడండి. పెళుసుగా, గోధుమ రంగుకు తిరిగి ఉంటే అవి కూడా కొత్తవి వేయాలి. పంపును బిగించే అల్యూమినియం బోల్టులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు, కొత్త బోల్టులు పంపుతోపాటే తెప్పించండి.

ఇక్కడ చాలామంది మెకానిక్కులకు తెలియని పద్ధతి ఒకటుంది, పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండి చూడండి. కూలెంట్ నింపాక మామూలు కార్లలోలాగా ఇంజిన్ స్టార్ట్ చేసి గాలి తీయకూడదు. బ్యాటరీకి చార్జరు తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయాలి. ఏసీ కంట్రోల్‌ను పూర్తి వేడికి, ఫ్యాన్‌ను అతి తక్కువకు పెట్టి, యాక్సిలరేటర్‌ను నేలకు ఆనేలా పది సెకన్లు తొక్కి ఉంచాలి. అప్పుడు పంపు తనంతట తాను తిరగడం మొదలుపెట్టి, పన్నెండు నిమిషాలపాటు గొట్టాల్లోని గాలిని బయటకు నెడుతుంది. చెవి పెట్టి వింటే లోపల నీళ్ల గలగల వినిపిస్తుంది, క్రమంగా ఆ చప్పుడు తగ్గి సన్నని గుయ్‌మనే శబ్దం మిగులుతుంది. ఆ తర్వాతే మట్టం చూసి, తగ్గినంత పోయాలి. ఇది చేయకుండా స్టార్ట్ చేస్తే గాలి బుడగ ఎక్కడో నిలిచిపోయి, కొత్త పంపు వేసినా బండి వేడెక్కుతుంది.

కూలెంట్‌లో కలిపే నీళ్ల విషయంలో పట్టుదలగా ఉండండి. మన ప్రాంతంలో బోరు నీళ్లు గడుసు నీళ్లు. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఆ ఉప్పే రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్, బీఎండబ్ల్యూకు తగిన కూలెంట్, సగానికి సగం. దారిలో అవసరానికి ఒక లీటరు ఇదే మిశ్రమం కలిపి డిక్కీలో పెట్టుకోండి. రేడియేటరు ముందుండే ఏసీ కండెన్సరును కూడా బంపరు సందులోంచి టార్చి వేసి చూడండి. ఏళ్ల తరబడి చేరిన పురుగులు, దుమ్ము, ఎండుటాకులు దాని రెక్కల మధ్య అట్టకట్టి ఉంటాయి. వాటిని సర్వీసింగ్ షెడ్డు ప్రెషర్ గన్‌తో కొట్టించవద్దు, రెక్కలు వంగిపోతాయి. తోటకు నీళ్లు పెట్టే పైపుతో నెమ్మదిగా కడిగించండి.

బండి కంప్యూటరులోని అంకెలను ఫోనులో చూపే చిన్న పరికరం, ఓబీడీ రీడర్, ఒకటి కొనుక్కోండి. ఈ ఇంజిన్ నెమ్మదిగా సాగుతున్నప్పుడు పెట్రోలు ఆదా కోసం కావాలనే కొంచెం వేడిగా ఉంటుంది. కూలెంట్ 105 డిగ్రీల దగ్గర చూపితే కంగారు పడవద్దు, గట్టిగా నడిపితే అదే తగ్గుతుంది. 115 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. ఇంకో సంగతి: బండి ఆపి తాళం తీశాక కూడా కొన్నిసార్లు పంపు, ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉంటాయి. టర్బోలను చల్లబరచడానికి అలా ఏర్పాటు చేశారు, అది లోపం కాదు.

పంపు తర్వాత నేను చూసేది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్. చూడ్డానికి చాలా చిన్న సామాను, దాని వల్ల జరిగే నష్టం మాత్రం ఇంజిన్ దాకా పోతుంది. బానెట్ ఎత్తితే ఇంజిన్ ముందు భాగంలో పైకే కనిపించే నల్లని గుండ్రటి మూత ఆయిల్ ఫిల్టరుది. ఆ ఫిల్టరు కూర్చునే దిమ్మె ఇంజిన్‌కు ఆనుకునే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. పదేళ్ల వేడికి అది ప్లాస్టిక్‌లాగా గట్టిపడి, సన్నగా ఆయిల్ వదులుతుంది. తెల్లటి టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు వేసి, ఆ దిమ్మె కింది అంచున వేలితో తిప్పి తీయండి. కాగితం పొడిగా వస్తే సంతోషం. నల్లగా తడిస్తే గ్యాస్కెట్ మార్చాల్సిందే.

చుక్కల్లో కారే ఆయిల్‌కు ఇంత భయం ఎందుకంటే, ఆ చుక్కలు పడేది సరిగ్గా కింద తిరిగే బెల్టు మీద. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బుతుంది, జారుతుంది, ఒకరోజు పీచులుగా చీలిపోతుంది. ఆ పీచులు బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని, ఆయిల్ సీలును దాటి ఇంజిన్ లోపలికి పోయిన సందర్భాలు ఈ ఇంజిన్ల విషయంలో చాలా ఉన్నాయి. అలా జరిగితే ఇంజిన్ అడుగు విప్పి శుభ్రం చేయాలి. అందుకే గ్యాస్కెట్, బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ మూడూ ఒకే విడతలో చూడమంటాను. గ్యాస్కెట్ కారుతుంటే దాన్ని మార్చకుండా బెల్టు ఒక్కటే కొత్తది వేస్తే, ఆ కొత్తది కూడా ఆయిల్ తాగి పోతుంది.

మీ కారు కింద నేల మీద మరక లేదని ఏమీ కారడం లేదనుకోవద్దు. ఇంజిన్ కింద పెద్ద ప్లాస్టిక్ రేకు ఉంటుంది, కారేదంతా అది పట్టుకుంటుంది. లిఫ్ట్ మీద ఎత్తించి ఆ రేకు విప్పించండి. లోపలి వైపు ఎక్కడ తడి ఉంటే దానికి సరిగ్గా పైన చూడండి. విప్పినప్పుడు పోయిన క్లిప్పులన్నీ కొత్తవి పెట్టించండి. సగం ఊడి వేలాడే రేకు హైవే వేగంలో చిరిగి రోడ్డును గీరుకుంటూ వస్తుంది.

ఇంజిన్ ఆయిల్ ఆరున్నర లీటర్లు పడుతుంది, కంపెనీ చెప్పిన ఎల్ఎల్-01 ప్రమాణం డబ్బా మీద రాసి ఉండాలి. ఈ ఇంజిన్‌కు ఆయిల్ చూసే పుల్ల లేదు. బండి వేడెక్కాక, చదునైన చోట, ఇంజిన్ నడుస్తుండగా తెర మీద చూడాలి. ప్రయాణంలో రోజూ సాయంత్రం ఒకసారి చూడండి. ఒక లీటరు వెంట ఉంచుకోండి, దారిలో పల్లె దుకాణంలో ఆ ప్రమాణం దొరకదు. ఏడు గేర్ల ఆటోమేటిక్ పెట్టె ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే అది కూడా మార్పించండి. ఆ పెట్టెలో ఉన్నవి రెండు క్లచ్‌లు. బెంగళూరు ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు సగం ఎత్తి అడుగు అడుగు జరిపితే క్లచ్‌లు వేడెక్కుతాయి. ముందు బండితో ఖాళీ రానిచ్చి, ఒకేసారి కదిలి, మళ్ళీ ఆగండి.

పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు జాగ్రత్తగా వినండి. సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పితేగాని అందుకోవడం లేదంటే, పెట్రోలును అధిక ఒత్తిడితో ఇంజిన్‌కు పంపే పంపు బలహీనపడుతోందని అనుమానించాలి. ఇది కూడా ఈ ఇంజిన్‌కు పేరుపడ్డ జబ్బే. స్పార్క్ ప్లగ్గులు ఆరూ మార్చి, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి అదనంగా వెంట పెట్టుకోండి. కాయిల్ పోతే ఇంజిన్ కుంటుతుంది, మార్చడం పది నిమిషాల పని, కానీ సామాను చేతిలో ఉండాలి. ఇన్‌టేక్ వాల్వులకు పట్టే మసి, టర్బో దగ్గర చిన్న గలగల శబ్దం ఇప్పటికి వదిలేయండి. ప్రయాణాన్ని ఆపేవి కావు.

కంప్యూటర్ పెట్టి చూసేటప్పుడు తప్పుల జాబితా ఖాళీగా వచ్చిందని మురిసిపోవద్దు. అమ్మే ముందు ఎవరైనా చెరిపేసి ఉండవచ్చు. చెరిపితే, బండి తనను తాను పరీక్షించుకునే అంశాలు కూడా 'పూర్తి కాలేదు' అని చూపుతాయి. ఆ అంశాలన్నీ పూర్తయ్యేదాకా నడిపి, మళ్ళీ చదివించండి. రెండోసారి వచ్చిన జాబితానే నమ్మదగినది.

పెట్రోలు గురించి కూడా అడిగారు. ఇప్పుడు దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. మీ కారు తయారైన కాలంలో కార్లను 10 శాతం ఇథనాల్ వరకే ఉద్దేశించారు. దీని వల్ల ఒక ప్రయాణంలో ఇంజిన్ పాడైపోదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలకు మాత్రం మంచిది కాదు. పొద్దున బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన తగిలితే ఆ రోజు బండి తీయవద్దు. రద్దీగా ఉండే పెద్ద బంకుల్లో 95 ఆక్టేన్ పోయించుకోండి, ట్యాంకు సగానికి వచ్చినప్పుడల్లా నింపుకోండి. ట్యాంకు 55 లీటర్లదే.

టైర్ల మీద నాది గట్టి మాట. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. గీతలు ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఈ దూరం వెళ్ళవద్దు. మీ బండికి ముందు 225/40, వెనక 255/35, పద్దెనిమిది అంగుళాలవి ఉంటే, అవి కంపెనీ వేసిన కొలతలే. ముందూ వెనకా కొలత వేరు కాబట్టి ఒక స్టెప్నీ పెట్టుకున్నా నాలుగు చక్రాలకూ పనికిరాదు, అసలు దాన్ని పెట్టే చోటు కూడా ఈ కారులో లేదు. అందుకే కంపెనీ రన్‌ఫ్లాట్ టైర్లు ఇచ్చింది. గాలి పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా సుమారు 80 కి.మీ. దూరం నడవగలవు. మెత్తగా ఉంటాయని మామూలు టైర్లు వేసుకోమని చాలామంది చెబుతారు, ఊళ్లో తిరగడానికి అది సరైన మాటే. ఇద్దరే వెళ్తున్న ఈ ప్రయాణానికి మాత్రం రన్‌ఫ్లాట్లే ఉంచమంటాను. ఈ కొలత టైరు కర్నూలులోనో ధర్మపురిలోనో అప్పటికప్పుడు దొరకడం కష్టం, కనీసం పెద్ద ఊరు చేరే వీలు ఉండాలి. అల్లాయ్ చక్రాలు ఇంకా పెద్దవి వేస్తే టైరు గోడ ఇంకా సన్నబడుతుంది, మొదటి గుంతకే చక్రం వంగుతుంది. కాబట్టి ఆ ఆలోచన మానుకోండి. గాలి మోతాదు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం హైవే మీద నాలుగైదు పాయింట్లు పెరిగితే సహజం, ఆ పెరిగిన గాలిని తీసేయవద్దు.

బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. నిలబడ్డ బండిలో అది గాలిలోని తేమ పీలుస్తూ ఉంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా దిగవచ్చు. ధర్మపురి దాటాక సేలం వైపు దిగే తొప్పూర్ ఘాట్‌లో ఈ తేడా తెలుస్తుంది. అక్కడ బ్రేకులు అందక లారీలు ముందున్న వాహనాల మీదికి పోయిన ప్రమాదాలు తరచుగా వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ఆ దిగుడులో గేర్లు మీ చేతిలోకి తీసుకుని, కింది గేరులో దిగండి, వెనక వచ్చే లారీని అద్దంలో గమనిస్తూ దానికి దారి ఇవ్వండి. బ్రేకు డిస్కుల అంచు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, మెకానిక్ చేత కొలిపించి ఆ అంకెతో సరిచూడండి.

మన ప్రాంతంలో ఈ కాలంలో ఇంకో ప్రమాదం ఉంది, నగరాల వాళ్లు దీన్ని పట్టించుకోరు. నవంబరు నుంచి జనవరి దాకా పల్లె రోడ్ల మీద కళ్లాలు వేస్తారు. కొర్ర, కంది కట్టె రోడ్డు మీద పరిచి బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఎదురుచూస్తారు. ఎత్తైన కారు దాని మీదుగా పోతుంది. మీ కారు పొట్ట నేలకు చాలా దగ్గర. కింద సైలెన్సరు వరుసలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోయేంత వేడిగా ఉంటుంది. ఎండిన కట్టె అక్కడ ఇరుక్కుంటే పొగ రావడం, మంట అంటుకోవడం నిజంగా జరిగే విషయాలే. కళ్లం కనిపిస్తే ఆగండి, దిగి రైతును అడిగితే ఒక పక్క జరుపుతారు. వేరే దారి లేక దాని మీద పోవాల్సి వస్తే, దాటగానే ఖాళీ చోట ఆపి, కిందికి వంగి చూసి, చిక్కుకున్నది కర్రతో లాగేయండి. చేతితో తీయవద్దు. అరకిలో డ్రై పౌడరు మంటలార్పే సిలిండరు సీటు దగ్గర ఉండాలి, డిక్కీలో కాదు. కంది కొయ్యల మొనలు, సర్కారు తుమ్మ ముళ్లు టైరుకు ఎంత చెరుపో మీకు చెప్పనక్కర్లేదు. డోన్, బేతంచెర్ల వైపు నుంచి హైవే ఎక్కే బండల లారీల వెనక కూడా దూరం పాటించండి, రాలిన బండ పెచ్చు సన్నటి టైరు గోడను కోసేస్తుంది.

పంట ఇంట్లో నిల్వ ఉంటే ఎలుకలు ఉంటాయి. బండి షెడ్డులో పెడితే వారానికోసారి బానెట్ ఎత్తి వైర్లు చూడండి. టాపు మడిచే బండి కాబట్టి, టాపు అంచున నీళ్లు పోయే సన్నని గొట్టాల్లో వేపాకు చేరిందేమో కూడా చూడాలి. ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి, చక్రాల వెనక నుంచి బయటకు వస్తున్నాయో లేదో చూస్తే చాలు. సామాను సర్దేటప్పుడు కూడా టాపును లెక్కలో పెట్టుకోండి. డిక్కీలో చోటు 310 లీటర్లు, టాపు మడిచి లోపల పెడితే 180కి తగ్గుతుంది. రెండు మెత్తటి సంచులే తీసుకెళ్ళండి, గట్టి సూట్‌కేసు వద్దు.

ట్యూనింగ్ గురించి: ఈ ఇంజిన్ దానికి బాగా లొంగుతుంది, నిజమే. కానీ శక్తి పెంచితే వేడి పెరుగుతుంది, పాత కాయిళ్లు, గొట్టాలు, పెట్రోలు పంపు మీద భారం పెరుగుతుంది. పైగా ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ సమయంలో పేచీ వస్తుంది. ఏడాది నడిపాక ఆలోచించండి.

కాగితాలు. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), యజమాని మార్పు కోసం ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు తీసుకున్నారా? యజమాని మారాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే మీకు వస్తుంది గానీ, మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం పాలసీ మీ పేరు మీద ఉంటేనే దక్కుతుంది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పాత ఫాస్టాగ్ మూయించి కొత్తది తీసుకోండి, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చూడండి. ఆంధ్రలో రిజిస్ట్రేషన్ మార్పు, లైఫ్ టాక్సు పని కూడా గడువులోగా పూర్తి కావాలి.

ఇక పనుల వరుస. మొదటి వారంలో స్కానింగ్, లిఫ్ట్ మీద పరీక్ష, సామాను ఆర్డరు. విడిభాగాలు చాసిస్ నంబరులోని చివరి ఏడు అక్షరాలు చెప్పి తెప్పించండి, అప్పుడే సరైనవి వస్తాయి. సామాను రాగానే పని మొత్తం ఒకే విడతలో చేయించండి. చివరి బోల్టు బిగించిన రోజుకూ బయలుదేరే రోజుకూ మధ్య కనీసం మూడు వారాలు, అయిదారు వందల కిలోమీటర్లు ఉండాలి. వదులుగా మిగిలిన క్లిప్పు, సరిగా కూర్చోని గొట్టం, గాలి బుడగ బయటపడేది ఆ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే. అవి ఊరి దగ్గరే బయటపడాలి.

ముందు రెండు మూడు రోజులు కర్నూలు, ఓర్వకల్లు మధ్య తిరగండి. తర్వాత తెల్లవారుజామున బయలుదేరి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప వెళ్ళండి. కడప దాటి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, తిరిగి దిగండి. ఎక్కేటప్పుడు కూలెంట్ వేడి, దిగేటప్పుడు బ్రేకు పెడలు తీరు గమనించండి. పెడలు మెత్తబడి లోపలికి పోతున్నట్టు అనిపిస్తే బ్రేక్ ఆయిల్ పని సరిగా జరగలేదు. ఇంటికి చేరాక ఇంజిన్ కింది రేకు విప్పి, ఒక పెద్ద తెల్ల అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున అట్ట మీద చుక్క ఉంటే రంగు, జిగట చూడండి. గోధుమ రంగు జిగట ఇంజిన్ ఆయిల్‌ది, నీలమో పచ్చో అయి నీళ్లలాగా ఉంటే కూలెంట్, రంగూ వాసనా లేనిది ఏసీ నీళ్లు, దానితో ఇబ్బంది లేదు. చక్రాల బోల్టులు కూడా ఆ మర్నాడే టార్క్ స్పానరుతో 120 న్యూటన్ మీటర్లకు సరిచూడండి. ఇవన్నీ అయ్యాక మళ్ళీ ఒకసారి స్కాన్ చేయించండి.

ఒక్క రోజులో కన్యాకుమారి చేరాలనుకోవద్దు. ఒకవైపే సుమారు వెయ్యి కిలోమీటర్లు. తెల్లవారి బయలుదేరి మొదటి రాత్రి సేలంలో ఆగండి, రెండో రోజు తీరికగా చేరతారు. నాలుగు వరుసల హైవే మీద కార్లకు వేగ పరిమితి గంటకు 100 కి.మీ. గుత్తి, పెనుకొండ పరిసరాల్లో చీకటి పడ్డాక నడపవద్దు. వెనక దీపాలు లేని ట్రాక్టర్ ట్రాలీలు, ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిళ్లు, రోడ్డు దాటే గొర్రెల మందలు ఉంటాయి. అంత కిందికి కూర్చునే కారులోంచి అవి ఆలస్యంగా కనిపిస్తాయి.

ముందుగా ఈ వారం రెండు ఫొటోలు తీసి పంపండి: టిష్యూతో తుడిచాక ఆయిల్ ఫిల్టర్ దిమ్మె కింది అంచు, ఇంజిన్ ముందున్న బెల్టు లోపలి గాడులు. వాటితోపాటు పాత యజమాని సర్వీసు బిల్లుల్లో 2019 తర్వాతివి. అవి చూస్తే గ్యాస్కెట్ ఒక్కటి సరిపోతుందో, బెల్టు, టెన్షనర్ కూడా ఆర్డరు పెట్టాలో చెప్పగలను. పంపు, థర్మోస్టాట్, కొత్త బోల్టులు మాత్రం ఫొటోల కోసం ఆగకుండా ఇప్పుడే తెప్పించండి, అవి వచ్చేసరికి సమయం పడుతుంది.